రష్యా రాణి కుర్చీలు

గత మాసపు టపాలో వచ్చిన యొక యుత్తరము మమ్ము రెండు దినములు వేఱొక పని చేయనీయలేదు. వ్రాసిన సోదరి కుమార్తె పదవ తరగతి చదువుచున్నది. చరిత్రలో పేరొందిన స్త్రీలలో నొకరినిగూర్చి మాటలాడవలెనని పాఠశాలలో చెప్పగా, ఈ బాలిక రష్యా నేలిన రెండవ కేథరీన్ మహారాణిని ఎంచుకొని, పది దినములు శ్రమపడి నాలుగు పుటలు వ్రాసికొన్నది. వేదికమీద నిలిచి రెండవ పుట త్రిప్పుచుండగా వెనుక బల్లనుండి యెవడో "కుర్చీల సంగతి చెప్పవేమి?" అనెను. మగపిల్లలు గొల్లున నవ్విరి. ఏల నవ్విరో ఆ చిన్నదానికి తెలియలేదు. మూడవ పుటయు నాలుగవ పుటయు చదువకయే దిగివచ్చి, యింటికి రాగానే తల్లి నడిగినదట. తల్లికిని తెలియలేదు. మేనమామ కుమారుడు తన సెల్‌ఫోనులో ఒక బొమ్మ తీసి చూపినాడు. ఆమె చూచి, ఫోను బోర్లించిపెట్టి, మాకు ఉత్తరము వ్రాసినది. "ఇది నిజమా, అమ్మా? నిజమైనచో పిల్లకేమని చెప్పుదును? కల్ల యైనచో నేమని చెప్పుదును?"

ఇట్టి సంగతి గృహస్థులు చదువు పత్రికలో తగునా యని మాలో మాకే కొంత చర్చ జరిగినది. పదునైదేండ్ల కుఱ్ఱవాడు ఫోనులో చూచి నవ్వగలిగిన దానిని పదునైదేండ్ల కూతురు గల తల్లి తెలిసికొనరాదనుట మాకు న్యాయముగా తోపలేదు. కావున వ్రాయుచున్నాము. పిల్లలు నిదురించిన పిమ్మట చదువదలచిన సోదరీమణులు అట్లే చదువవచ్చును.

కథ యిట్లు చెప్పుదురు. 1941వ సంవత్సరమున జర్మను సేనలు లెనిన్‌గ్రాడు పరిసరములను ఆక్రమించినప్పుడు, నగరము వెలుపలనున్న రాజప్రాసాదములలో ఒకదానియందు కొందఱు సైనికులు తిరుగుచు, మూసియున్న గది యొకటి కనుగొనిరట. గోడలనిండ మర్మావయవముల యాకారములు కొయ్యతో చెక్కి తాపియుండెనట. మేజాకాళ్లును అట్టివేనట. కుర్చీల చేతులమీదను వీపులమీదను స్త్రీపురుషుల క్రీడలు మలచియుండెనట. సైనికులు ఫోటోలు తీసికొనిరట. యుద్ధమైన తరువాత ఆ సామగ్రి యెవరి కంటను పడలేదు. కొన్ని ఫోటోలు మాత్రము మిగిలినవట. యుద్ధమందే కాలిపోయినదని కొందఱు, 1950 ప్రాంతమున బుద్ధిపూర్వకముగా నాశనము చేసిరని కొందఱు. అంతకుముందు 1930 తరువాతి యేండ్లలో దీనికంతకును ఒక పట్టికాపుస్తకము కూడ అచ్చయినదనియు, దాని ప్రతి యొక్కటియు మిగులలేదనియు మఱియొక మాట. ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో పీటర్ వోడిచ్ అను చిత్రదర్శకుడు ఈ కథను వెదకుచు పోయి యొక చిత్రము తీసెను. నాటినుండి యిది దేశదేశముల ప్రాకినది. ఆ పాత ఫోటోలను చూచి తరువాతివారు చేయించిన నకలు మేజా బొమ్మలు కూడ అసలుదని చెప్పబడి చేతులు మారుచున్నవి.

పైన "అట" యను మాట యెన్ని మారులు వచ్చినదో సోదరీమణులు గమనించియే యుందురు. ఆ మాటను తీసివేసినచో ఆ కథలో నిలుచునది మిక్కిలి కొంచెము.

మొదట, ఏ ప్రాసాదము? కొందఱు సార్‌స్కోయె సెలో అందురు, కొందఱు గాట్చినా అందురు. రెండును పీటర్స్‌బర్గు నగరమునకు దక్షిణముగనే యున్నను వాని చరిత్రలు వేఱు. సార్‌స్కోయె సెలో రాణి స్వయముగ వేసవికాలము గడపిన చోటు. గాట్చినా ఆమెది కాదు. 1765లో ఆ యెస్టేటును కొని ఆమె తన ప్రియుడగు గ్రిగోరీ ఓర్లోవ్‌కు ఇచ్చెను. ఇటలీ దేశపు శిల్పి రినాల్డీ అందు కోటవంటి రాతిమేడను కట్టెను. 1783లో ఓర్లోవ్ చనిపోగా దానిని మరల కొని కుమారుడైన పాల్‌కు ఇచ్చెను. ఈ పాల్ తల్లిని ద్వేషించిన కుమారుడు. తన తండ్రిని తోసివేసి ఆమె సింహాసనమెక్కినదని బాల్యమునుండి మనస్సులో పెట్టుకొన్నవాడు. ఆమె 1796లో చనిపోగానే, ముప్పదినాలుగేండ్ల క్రిందట పాతిపెట్టిన తండ్రి శవపేటికను పైకి తీయించి, కిరీటముంచి, తల్లి శవము ప్రక్కనే యూరేగించిన వాడు. ఆమెకు మిక్కిలి ప్రియుడగు పొటెంకిన్ కట్టించుకొన్న టౌరిడా ప్రాసాదమును గుఱ్ఱపు దళమునకు విడిదిగా నిచ్చినవాడు. అట్టివాడు గాట్చినాలో తల్లి బ్రతికియుండగనే పదుమూడేండ్లు కాపురముండెను. తల్లిని లోకమునెదుట తలవంచునట్లు చేయదగిన సామాను తన యింట నుండగా, ఒక గదిలో భద్రపఱచి, తాళమువేసి, మనుమల ముని మనుమలకు అప్పగించెనని నమ్మవలెనా? కాల్చివేసియైన నుండును, వీథిలో పెట్టియైన నుండును. తరువాత మూడవ అలెగ్జాండరు చక్రవర్తి తన భార్యాబిడ్డలతో ఆ మేడలోనే యేండ్లతరబడి నివసించెను. 1918లో అది వస్తుప్రదర్శనశాల యైనది. ఉన్నవానికి పట్టికలు వ్రాసిరి.

ఫోటో మాట యందురా. ఫోటో ఒక వస్తువు ఒకచోట నుండెనని చెప్పును. దానిని ఎవరు చేయించిరో, ఏ సంవత్సరమున చేయించిరో, ఎవరు దానిమీద కూర్చుండిరో చెప్పదు. పాత ఫోటోలోని కుర్చీ నిజముగ కొయ్య కుర్చీయే కావచ్చును. ఏ ధనికుని వేడుకకో ఎప్పుడో చేసినది కావచ్చును. దానిమీద కేథరీన్ పేరు చెక్కియుండలేదు. ఆమె బ్రతికియున్న నాటి పత్రములలో ఇట్టి సామగ్రి ప్రస్తావన యేదియు వెలికి రాలేదు. ఆమె ఆస్థానమందు ఇంగ్లండు, ఫ్రాన్సు, ప్రష్యా, ఆస్ట్రియా రాయబారులుండిరి. రాణి యెవరిని చూచి చిఱునవ్వు నవ్వినను ఆ వారపు టపాలో తమ ప్రభువులకు వ్రాసిపంపుటయే వారి యుద్యోగము. అట్టివారి కన్నులకు గోడలనిండ చెక్కడములున్న గది కనబడక, నూటయేబదేండ్ల తరువాత దారితప్పిన సైనికులకు కనబడినదనుట మాకు మ్రింగుడుపడదు.

వస్తువులు మాయమగుట అబద్ధమని మేమనుటలేదు. అదే సార్‌స్కోయె సెలో ప్రాసాదములో జగత్ప్రసిద్ధమైన అంబరు గది యుండెను. అంబరనగా కోట్ల యేండ్లు భూమిలోను సముద్రములోను ఉండి గట్టిపడిన చెట్టుజిగురు, తేనెవలె మెఱయును. ఆ రేకులతో గోడలన్నియు కప్పిన గది యది. 1716లో ప్రష్యా రాజు పీటరు చక్రవర్తికి కానుక యిచ్చెను. 1941లో జర్మనులు దానిని విప్పి పెట్టెలలో పెట్టి కోనిగ్స్‌బర్గు నగరమునకు తరలించిరి. 1945 తరువాత కనబడలేదు. ఇది నిజమైన నష్టము. నిజమైన నష్టమెట్లుండునో చూడుడు. ఆ గదికి కానుక పత్రము కలదు, మరమ్మతుల లెక్కలు కలవు, రంగుల ఫోటో కలదు, చూచి వ్రాసినవారు రెండు శతాబ్దములలో నెందఱో కలరు. పోయిన వానిలో ఒక రాతిపొదుగుడు చిత్రమును, ఒక సొరుగుల బీరువాయును 1997లో జర్మనీలో బయటపడి తరువాత రష్యాకు చేరినవి. ఉన్న ఆధారములనుబట్టి 1979లో పని మొదలుపెట్టి, 2003లో గదిని మరల నిలిపిరి. అట్లే 1837లో శీతకాలపు ప్రాసాదము దినములతరబడి కాలినది. సోవియట్టు ప్రభుత్వము 1928లో ప్రాసాదముల సామానును బెర్లినులో వేలము వేసినది. ఆ తరువాత హెర్మిటేజ్ చిత్రములలో మేలైనవి ఇరువదియొకటి అమెరికా ధనికుడు మెలన్‌కు అమ్మినది. ఈ సామానంతయు పోవుచు పోవుచు కాగితములను విడిచిపోయినది. రాణి కుర్చీలు మాత్రము కాగితము విడువలేదు. తమ పట్టికాపుస్తకమును కూడ వెంటబెట్టుకొని పోయినవి!

పెద్దలింట దాచిన శృంగారవస్తువుల సంగతి లోకమునకు తెలియదని కాదు. ఇటలీలో అగ్నిపర్వతపు బూడిదలో పూడిన పాంపేయి నగరమును త్రవ్వగా దొరికిన యట్టి బొమ్మలను నేపుల్సులో ఒక గదిలో చేర్చి, 1819లో రాజాజ్ఞచే తాళము వేసిరి. 1849లో వాకిలికి గోడ కట్టిరి. తరువాత తెఱచిరి, మూసిరి, మగవారిని పోనిచ్చిరి, ఆడువారిని ఆపిరి. 2000లో గాని అందఱకు తెఱవలేదు. ఎంత దాచినను ఆ గదికి పట్టిక యుండెను, తాళపుచెవి యుండెను, అది యెవరి చేతిలో నున్నదో వ్రాసియుండెను.

రాజుల కుర్చీల మాట వచ్చినప్పుడు మఱియొకటి చెప్పక తప్పదు. నిజముగ అట్టి ప్రయోజనమునకే చేయించిన రాజుగారి కుర్చీ యొకటి లోకములో కలదు. దానిని చేయించినది రాణి కాదు. విక్టోరియా రాణి పెద్దకుమారుడు, తరువాత ఏడవ ఎడ్వర్డు పేర చక్రవర్తి యైన ప్రభువు. ఆయన యువరాజుగా నుండగా పారిస్ నగరమున "షబనే" అను వేశ్యాగృహమునకు పోవుచుండెను. శరీరము స్థూలించుటచేత తనకు సౌకర్యముగా నుండవలెనని 1890 ప్రాంతమున సూబ్రియే అను పారిస్ వడ్రంగి కార్ఖానాలో ఒక ప్రత్యేకాసనమును చేయించుకొనెను. చేసిన కార్ఖానా పేరు తెలియును, ఉన్న యిల్లు తెలియును. ఫ్రాన్సులో అట్టి యిండ్లను 1946లో మూయించినప్పుడు ఆ యిల్లును మూతబడి, 1951లో సామాను వేలమైనది. ఎడ్వర్డుగారి రాగి స్నానపుతొట్టిని చిత్రకారుడు డాలీ కొనెను. ఇంత ఋజువున్నను ఏడవ ఎడ్వర్డనగానే మనకు జ్ఞాపకమునకు వచ్చునదేమి? శాంతిదూత యను బిరుదము. ఆయన మన దేశమునకును చక్రవర్తియే. సికింద్రాబాదులోని గాంధీ ఆసుపత్రి ఒకప్పుడు ఆయన పేరనే పిలువబడినది. ఆ ఆసుపత్రిలో మందు తెచ్చుకొన్నవారెవరును కుర్చీని తలచి నవ్వియుండరు. ఏ బాలుడైనను ఆయననుగూర్చి యుపన్యసించినచో వెనుక బల్లనుండి కుర్చీ మాట వినబడునని మాకు తోపదు.

అట్లయిన కేథరీన్‌కే యిది యేల అంటుకొన్నది? ఆమెకు ప్రియులు లేకపోలేదు. పండ్రెండుగురి పేర్లు చరిత్రకారులు చెప్పుదురు. ముప్పదినాలుగేండ్ల ప్రభుత్వములో విధవయైన చక్రవర్తిని ఒకరి తరువాత నొకరిని చేరదీసినది, విడిచినప్పుడు జమీలిచ్చి పంపినది, కడపటివాడగు జుబోవ్ ఆమెకంటె ముప్పదియెనిమిదేండ్లు చిన్నవాడు. దీనిని మేము పొగడుటలేదు. ఆ కాలమున ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ అంతఃపురమునకు ఇంతకంటె పెద్ద పట్టిక కలదు. సాక్సనీ ప్రభువు అగస్టసునకు సంతతి లెక్క యెవరికిని తెగలేదు. వారిని రసికులందురు. ఆమె శత్రువులు టర్కీతో ఆమె చేసిన యుద్ధములను ఎదిరింపలేకపోయినప్పుడు ఆమె పావడాను పట్టుకొనిరి. 1791లో వచ్చిన యొక వ్యంగ్యచిత్రములో ఆమె రష్యానుండి కాన్‌స్టాంటినోపిలునకు అడుగు చాచుచుండును. క్రింద యూరపు రాజులందఱు తలలెత్తి చూచుచుందురు. వారేమి చూచుచున్నారో మేము వ్రాయనక్కఱలేదు. ఆమె చనిపోయిన తరువాత ఒక జంతువును జోడించి కల్పించిన మరణకథ యొకటి పుట్టినది. అది యింకను పోలేదు. జరిగినదేమన, 1796 నవంబరులో ఒకనాటి యుదయమున కాఫీ త్రాగి పనికి కూర్చున్న యామె లోపలి గదిలో నేలపై పడియుండగా పరిచారకులు కనుగొనిరి. పక్షవాతము. మఱునాటి రాత్రి ప్రాణము పోయినది. వయస్సు అఱువదియేడు.

ఆమె నిజముగ ఎట్టి సామాను కొనెనో తెలియును గనుక అదియు వ్రాసెదము. జర్మనీలోని నోయ్‌వీడ్ పట్టణమున డేవిడ్ రోంట్‌గెన్ అను గొప్ప వడ్రంగి యుండెను. ఆయన వ్రాతబల్లలలో తాళపుచెవి త్రిప్పగానే సొరుగులు వానియంతట అవియే వెలుపలికి వచ్చును, లోపలినుండి సంగీతము వినబడును, సొరుగు వెనుక సొరుగు, దాని వెనుక మఱియొక రహస్యపు అఱ. 1780 తరువాత ఆయన ఆ బల్లలను బండ్లమీద పీటర్స్‌బర్గునకు తోలుకొని వచ్చెను. ఒక పెద్ద బల్లను చూచి రాణి యెంత ముచ్చటపడెనో, అడిగిన వెలకంటె ఎక్కువ యిచ్చెను. అవి నేటికిని హెర్మిటేజ్‌లో కలవు. తూలా పట్టణపు తుపాకుల పనివారు ఉక్కుతో చేసిన కుర్చీలు, మేజాలు కొనెను. ఇంగ్లండులో వెడ్జ్‌వుడ్ కార్ఖానాకు తొమ్మిదివందల పైచిలుకు పింగాణి గిన్నెల కొలువునకు పని యిచ్చెను. ఒక్కొక్కదానిమీద ఇంగ్లండు దేశపు దృశ్యమొకటి, అంచున చిన్న కప్ప యొకటి. ఏ విడిదికై వానిని చేయించెనో ఆ స్థలమునకు కప్పల బాడవ యని పేరుండెను, అందుచేత కప్ప.

హెర్మిటేజ్‌లో ఆమె స్నేహితులతో గడపు గదులకు పది నిబంధనలు వ్రాసి పెట్టెను. టోపీలతోను కత్తులతోను హోదాలను కూడ వాకిట విడిచి రావలెను. ఉల్లాసముగా నుండవలెను గాని దేనిని విఱుగగొట్టరాదు, పాడుచేయరాదు, కొఱుకరాదు. కూర్చుండుటయో నిలుచుటయో నడచుటయో ఎవరి యిష్టము వారిది. తప్పినవారు చన్నీళ్లు ఒక గ్లాసెడు త్రాగి, అందఱు విసుగుచెందిన యొక దీర్ఘకావ్యములో ఒక పుట చదువవలెను. భోజనపు గదిలో మేజాలు యంత్రముచే క్రిందినుండి వడ్డింపుతో పైకి లేచి వచ్చును. వడ్డించువారు లోపలికి రానక్కఱలేదు. పనివారి చెవులు లేనిచోట నలుగురు నవ్వుకొనుచు మాటలాడవలెనని ఆమె కోరిక. తలుపు మూసియుండి పనివారు లేరన్నచో వెలుపలివారి యూహ ఎక్కడికి పోవునో మన యిండ్ల సంగతి తెలిసిన సోదరీమణులకు మేము చెప్పవలెనా?

ఆ బాలిక చదువలేకపోయిన మూడవ పుటలోను నాలుగవ పుటలోను ఏమున్నదో ఆమె తల్లి మాకు పంపినది. 1764లో స్థాపించిన స్మోల్నీ విద్యాలయము, రష్యాలో బాలికలకై ప్రభుత్వము నెలకొల్పిన మొదటి పాఠశాల. 1783లో విజ్ఞానపరిషత్తునకు అధ్యక్షురాలుగా దాష్కోవా రాకుమారిని నియమించుట. ఐరోపాలో అంతకుముందు ఏ స్త్రీయు అట్టి పరిషత్తునకు పెద్దగా నుండలేదు. 1768లో మశూచికపు రసిని తన చేతికి కోయించుకొనుట. ఇది టీకా కనుగొనకముందటి మాట. నిజమైన మశూచిక రోగి పొక్కునుండి తీసిన రసిని ఆరోగ్యవంతుని చర్మములోనికి ఎక్కింతురు. చచ్చిన చావవచ్చును. ఇంగ్లండునుండి వచ్చిన వైద్యుడు డిమ్స్‌డేల్ తారుమారైనచో పారిపోవుటకు గుఱ్ఱములను సిద్ధముగ నుంచిరని చెప్పుదురు. ఆమె బ్రతికినది, కుమారునికి చేయించినది, తరువాత ప్రభువర్గము బారులు తీర్చినది. ఈ బాలిక దీనిని చక్కగా వ్రాసినది.

ఆమె వ్రాయనిది మేమొకటి చేర్చెదము. మనుమడు అలెగ్జాండరు పసివాడుగా నున్నప్పుడు, బిడ్డలకు బట్టలు తొడుగుట ఎంత యాతనయో చూచి, రాణి స్వయముగ ఒక యుడుపును కనిపెట్టెను. అన్ని భాగములు కలిపి కుట్టిన ఒకే యంగీ. కాళ్లు చేతులు దూర్చి వెనుక నాలుగైదు చిన్న కొక్కెములు పెట్టినచో ఐపోయె. బిడ్డ యేడ్చుటకు వ్యవధి యుండదని ఆమె ముఱిపెము. ఆ నమూనా బొమ్మను గీసి స్నేహితునికి పంపెను; స్వీడను రాజు తన బిడ్డకని అడిగి తెప్పించుకొనెను. బజారులో నేడు మనము కొను పసిపిల్లల యొంటియంగీలు చూచినప్పుడెల్ల మాకు ఈ సంగతి గుర్తువచ్చుచుండును.

అంత మాత్రమున ఆమె దేవత యని చెప్పుమనుట లేదు. మగపిల్లలు నవ్విన దానికి కాదు గాని, ఆమెను నిలదీయవలసినవి వేఱే కలవు. రష్యాలో నాడు రైతులు భూమితోపాటు అమ్ముడుపోవు బానిసలు. వారిని విడుదల చేయుటనుగూర్చి యౌవనమున అందముగా వ్రాసినది. సింహాసనమెక్కి 1765లో ప్రభువులు తమ రైతులను కఠినశిక్షకు పంపుటకు అధికారమిచ్చినది. 1767లో ఆ రైతులు ప్రభువులపై తనకు అర్జీ పెట్టుకొనుటయే నేరమని చాటించినది. ప్రియులకు ఈనాములుగా నిచ్చినది కుర్చీలు కాదు, వేలకు వేలు మనుష్యులను. 1773లో పుగచోవ్ అను కొసాకు లేచినప్పుడు వోల్గా తీరమంతయు మండినది. 1775లో వానిని మాస్కోలో బహిరంగముగా వధించిరి. పోలెండు దేశమును ఇరుగుపొరుగు రాజులతో కూడి ముమ్మారు కోసి పంచుకొని 1795 నాటికి పటమునుండి తుడిచివేసినది. వెనుక బల్లనుండి ఆ కుఱ్ఱవాడు "పోలెండు సంగతి చెప్పవేమి?" అని యుండినచో అది ప్రశ్న. ఆ బాలికయు ఏదో జవాబు చెప్పియుండును. కుర్చీల మాట రెండువిధముల చెఱుపు చేసినది: ఆమె చేసిన మంచి వినబడలేదు, చెడుగును వినబడలేదు.

కుమారుడు పాల్ పట్టాభిషేకమునాడు, 1797లో, ఒక శాసనము చేసెను. వంశములో మగవారుండగా రష్యా సింహాసనము స్త్రీకి రాదు. అటుపిమ్మట ఏ స్త్రీయు ఆ దేశమును ఏలలేదు.

ఇంక తాళము వేసిన గది మాట. కేథరీన్ విషయములో తాళమువేసి దాచినది నిజముగ నొకటి కలదు. అది కొయ్యసామాను కాదు. ఆమె చనిపోయిన పిదప ఆమె కాగితములలో ముద్ర వేసిన యొక కట్ట దొరకినది. పైన కుమారుని పేరు ఆమె దస్తూరితో వ్రాసియున్నది. అది ఆమె ఫ్రెంచి భాషలో వ్రాసికొన్న స్వీయచరిత్ర. పాల్ దానిని చదివి దాచెను. ఒక స్నేహితునికి కొలదికాలము చూడనిచ్చెను. అక్కడనుండి నకళ్లు ప్రాకినవి. కవి పుష్కిన్ ఒద్ద ఒకటి యుండెను. పాల్ కుమారుడు నికొలస్ చక్రవర్తి యా నకళ్లను పోగుచేయించి అడగించుటకు చూచెను. 1859లో హెర్జెన్ అను ప్రవాసి లండనులో అచ్చువేయించెను. రాజవంశమువారు అంతగా భయపడుటకు కారణము, పాల్ నిజముగ ఎవరి కుమారుడో యను సందేహమునకు అందు తావుండుట.

లోకము ఆ పుస్తకములో వెదకినది ఆ యొక్క సంగతినే. మేము మరల చదివినప్పుడు వేఱొకచోట ఆగిపోతిమి. 1754లో పాల్ పుట్టిన దినమది. ఆమెకు ఇరువదియైదేండ్లు, పదునాలుగేండ్ల ప్రాయమున పరాయిదేశము తెచ్చి, పదునాఱేండ్లకు పెండ్లిచేసి, తొమ్మిదేండ్లు వారసుడేడి యని పొడిచిరి. ప్రసవముకొఱకు నేలమీద ఒక పఱుపు వేసిరి. బిడ్డ పుట్టగానే రాణియైన ఎలిజబెతు, మంత్రసానిచేత బిడ్డ నెత్తించుకొని వెడలిపోయెను. గదిలో నున్నవారందఱు ఆమె వెంట పోయిరి. బాలింత ఆ పఱుపుమీదనే చెమటతో తడిసి, తలుపులకును కిటికీలకును నడుమ చలిగాలిలో పడియుండెను. తన మంచము రెండడుగుల దూరములో నున్నది. లేచి పోవుటకు శక్తి లేదు. దాహమని అడిగెను. రాణి యాజ్ఞ లేక నీరిచ్చుటకు మిగిలిన దాసికి ధైర్యము లేకపోయెను. మూడు గంటలు గడచిన పిమ్మట ఒక ప్రభుపత్ని వచ్చి చూచి, ఇట్లు విడిచినచో చచ్చిపోవునే యని కేకలు వేసినది. బిడ్డను మరల కన్నులజూచినది నలువది దినములకు.

ఆ బిడ్డయే నలువదిరెండేండ్ల పిమ్మట ముద్ర విప్పి ఆ కట్టను చదివినది. తన సామానునుగూర్చి కేథరీన్ చక్రవర్తిని తన చేతితో వ్రాసి విడిచినది మాకు కనబడినంతలో ఇదియే: ఒక పఱుపు, రెండడుగుల దూరములో ఒక మంచము. ఉత్తరము వ్రాసిన సోదరి ఈ పుటను తన కుమార్తెకు చూపవచ్చును. ఆ చిన్నది తన నాలుగు పుటలను చించివేయకుండ దాచియుంచినదని తల్లి వ్రాసినది. మా యొద్దకు వచ్చిన ప్రతిని ఈ సంచికతోపాటు తిరిగి పంపుచున్నాము.